కలిదిండి చెరువుగట్టున కంపైలరు తగువు

మా కాలేజీ స్టాఫ్‌రూములో ఇప్పుడు నడుస్తున్న కథ ఇది. అనంతపురం నుంచి మేడమ్ ఏలూరు వెళ్లింది, రొయ్యల చెరువు గట్టున పెట్టిన ఒక పెట్టెను చూసింది, చిటికె వేసి "తప్పు ప్రోగ్రాముది కాదు, కంపైలరుది" అని తేల్చింది, బిరియాని తిని వచ్చేసింది.

ఇందులో బిరియాని ఒక్కటే నిజం. అది కూడా నాలుగో రోజుకు గానీ దొరకలేదు. ఇక చిటికె సంగతా? రెండున్నర రోజుల పాటు నేను తప్పు పక్షాన నిలబడి, గొంతు పెద్దది చేసుకుని, న్యాయం తనవైపు ఉన్న ఒక అమ్మాయిని నోరెత్తనివ్వలేదు. ఆ భాగం ఎవరూ చెప్పడం లేదు. నా మీద గౌరవంతో కాదు, చెబితే కథ పొడుగవుతుందని. పొడుగైనా సరే, నేను చెబుతాను.

ఇరవై ఆరేళ్లుగా సి భాష పాఠం చెబుతున్నాను. ఆ భాషకు స్టాండర్డు అని ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఏ వాక్యానికి ఏ అర్థమో క్లాజుల వారీగా రాసిపెట్టిన చట్టం అనుకోండి. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చే సాఫ్ట్‌వేరు కంపైలరు. చట్టంలో ఉన్నట్టే మార్చాలి. ఇంటర్నెట్‌లో తెలుగు ప్రోగ్రామర్ల గుంపు ఒకటుంది. అక్కడ ఎవరేమన్నా "క్లాజు చూపించు" అని అడిగే మనిషిగా నాకు పేరు.

ఆ గుంపులోనే ఫర్జానా అనే ఏలూరు అమ్మాయి ఒక ప్రశ్న పెట్టింది. రొయ్యల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పెట్టెకు ఆమె ప్రోగ్రాము రాసింది. చెరువుకు రెండు కొసల్లో రెండు సెన్సర్లు ఉంటాయి. రెండూ చెప్పిన అంకెలను పెట్టె కలిపి, సగం చేసి, సగటు చూస్తుంది. సగటు మరీ పడిపోతే సైరన్ మోగించి, నీళ్లను చిలికే ఏరేటర్లను తిప్పుతుంది. చెరువులో ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామున, బాగా పెరిగేది ఎండ వేళ. కానీ ఈ పెట్టె తెల్లవారుజామున బుద్ధిగా ఉండి, మిట్టమధ్యాహ్నం ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు ప్రాణం పోతున్నట్టు మొత్తుకుంటోందట. "రాసింది సరిగ్గానే ఉంది, నా కంప్యూటర్‌లో సరిగ్గానే నడుస్తోంది, కంపైలరు మీద అనుమానంగా ఉందండీ" అని రాసింది.

కంపైలరును అనుమానించే ముందు అద్దంలో చూసుకోమని జవాబిచ్చాను. గుంపులో అయిదారుగురు నవ్వారు. ఆమె మాత్రం, "చూసుకున్నానండీ మేడమ్. మీరొకసారి వచ్చి పెట్టెను చూడండి" అంది.

మర్నాడే తాడేపల్లిగూడెం నుంచి మల్లికార్జునరావు గారని ఒకాయన ఫోన్ చేశారు. చెరువుల సామాన్లు అమ్మే దుకాణం ఆయనది. పెట్టె తయారుచేసేది ఫర్జానా తండ్రి సత్తార్ గారు, ప్రోగ్రాము ఫర్జానాది, అమ్మేది ఈయన. మధ్యాహ్నం సైరన్ల దెబ్బకు రైతులు దుకాణం మీదికి వస్తున్నారు. తప్పు అమ్మాయిదే అయితే ప్రోగ్రాము పని విజయవాడ వాళ్లకు ఇచ్చేస్తారట, కాకపోతే ఎప్పటిలాగే సాగుతుందట. "ఈ తగువుకి మీరు పెద్దమనిషిగా కూర్చోవాలండీ. రెండు పక్షాలం ఒప్పుకున్నాం" అన్నారు.

తగువని ఎవరైనా పిలిస్తే నేను ఆగే రకం కాదు. స్టాండర్డు జిరాక్సు కాపీని బట్టల మధ్య పెట్టుకుని రైలెక్కాను.

ఏలూరు: గడప దాటనివ్వని మర్యాద

స్టేషన్‌కు సత్తార్ గారే వచ్చారు. తెల్లటి గడ్డం, చేతి గోళ్లలో వార్నిష్ మరకలు. "ప్రయాణం బాగా జరిగిందాండీ, కాఫీ తాగారాండీ, బ్యాగు ఇలా ఇవ్వండీ" అంటూ ఆయన నడుస్తుంటే నాకు అనుమానం వచ్చింది, నన్ను మంచి చేసుకుంటున్నారేమోనని. ఆటో ఎక్కాక తెలిసింది, ఆటో అతనూ అంతే. "ఏవండీ, కాస్త లోపలికి జరగండీ, గోతులున్నాయండీ" అన్నాడు. మా వైపు అయితే "జరుగుమ్మా" అంటే అదే మర్యాద. ఈ అండీల మధ్య నా మామూలు మాట కూడా తిట్టులా వినపడుతోందని మొదటి గంటలోనే అర్థమైంది. అలాగని మార్చుకోలేదు.

ఊరి మధ్యలో కాలువ నిండుగా పారుతోంది. మాకు ఎనిమిది వందల అడుగుల బోరు వేస్తే గానీ కనపడని నీళ్లు ఇక్కడ వంతెన కింద తీరిగ్గా, ఎవరికీ పట్టనట్టు పోతున్నాయి. వంతెన మీద ఆటో ఆపించి చూశాను. నేను దేన్ని చూస్తున్నానో ఆటో అతనికి అర్థం కాలేదు.

సత్తార్ గారి ఇల్లు పవర్‌పేట వైపు. ఇంటి ముందే వర్క్‌షాపు. వాళ్ల తాతల కాలంలో ఆ కుటుంబం తివాచీలు నేసేదట. ఈయన మోటార్లకు తీగ చుడతారు. లోపలి నుంచి మసాలా వాసన వస్తోంది. నేను గుమ్మం వైపు అడుగు వేయగానే ఆయన ఇబ్బందిగా నవ్వి, వర్క్‌షాపులోనే కుర్చీ వేశారు. సంగతేమంటే, మల్లికార్జునరావు గారి తండ్రి కాలం నుంచి వ్యాపారపు తగువులకు ఒక కట్టుబాటు ఉంది. తీర్పు అయ్యేదాకా పెద్దమనిషి ఏ పక్షం ఇంట్లోనూ అన్నం తినకూడదు.

"మంచినీళ్లు?" అని అడిగాను.

"బాటిల్ తెప్పించానండీ. అది కొట్టువాడి నీళ్లు కదండీ, మావి కాదు" అన్నారు.

అలా నా భోజనాలు హోటళ్ల పాలయ్యాయి. సందు చివర దిబ్బరొట్టె తిన్నాను. మినప్పిండిని మూకుడులో మందంగా పోసి, మూతపెట్టి, అడుగు ఎర్రగా కాలేదాకా నిదానంగా కాలుస్తారు. దానితో చెరకు పానకం ఇచ్చారు. రొట్టెలోకి పానకమేమిటని వాదన పెట్టుకున్నాను. కొట్టు ఆవిడ "ముందు తినండమ్మా, తర్వాత తిడుదురు గాని" అంది. తిన్నాను. యాభై రూపాయలకు రెండు పూటల ఆకలి తీరింది, తిట్టడానికేమీ దొరకలేదు. పానకం మాత్రం ఇంకొంచెం పోయవచ్చు.

ఫర్జానా వయసు ఇరవై ఏడు. సన్నటి గొంతు, మనిషి మాత్రం మెత్తన కాదు. అనుమానాన్ని పెట్టె పక్కనే నిలబడి చెప్పింది. సెన్సర్ అంకె ఒక చిన్న గదిలో ఉంటుంది, అందులో రెండు వందల యాభై అయిదుకు మించి పట్టదు. అలాంటి రెండు అంకెలను కలిపితే అంతకు మించవచ్చు గనుక, కలిపే ముందు రెండింటినీ పెద్ద గదిలోకి మార్చాలని స్టాండర్డు చెబుతోంది. ఈ పెట్టెలోని చిన్న చిప్పుకు వచ్చిన కంపైలరు ఆ మార్పు చేయడం లేదేమో.

"అట్లా చేయని దాన్ని సి కంపైలరు అంటారా?" అన్నాను.

"అనకూడదండీ. అదే అంటున్నాను."

"పరీక్షించినావా?"

పరీక్షించింది. రెండు వందలు, వంద అనే అంకెలను ప్రోగ్రాములోనే రాసి, సగటు చేయమని ఆ చిప్పులోనే నడిపింది. నూట యాభై వచ్చింది. అంటే సరైన జవాబే వచ్చింది. "నీ పరీక్షే నీకు ఎదురు చెబుతోంది కదమ్మా" అన్నాను. బకెట్ నీళ్లలో సెన్సర్లు ముంచి చూపించారు, పెట్టె గువ్వలా కూర్చుంది. ఎండకు సెన్సర్లు వేడెక్కి తప్పు చెబుతున్నాయని అక్కడికక్కడే నిర్ణయించేశాను. నాకు సెన్సర్ల గురించి తెలిసింది ఎంత అని నన్ను ఎవరూ అడగలేదు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

తాడేపల్లిగూడెం: గోడౌనులో విచారణ

రెండో రోజు పొద్దున ముగ్గురం తాడేపల్లిగూడెం వెళ్లాం. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఉల్లిపాయల వాసన. లారీల నిండా ఉల్లి, రోడ్డు వారన ఉల్లి, కళ్లద్దాల మీద కూడా ఉల్లిపొట్టు. నేను ఎప్పుడూ కిలో లెక్కన చూసిన వస్తువును గుట్టల లెక్కన చూసి కాసేపు మాట రాలేదు. అలాంటి సందర్భాలు తక్కువ గనుక నమోదు చేస్తున్నాను.

మల్లికార్జునరావు గారికి అరవై ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నటి బొట్టు, కోపంలో కూడా పెరగని గొంతు. మేతబస్తాల గోడౌను మధ్యలో నాలుగు కుర్చీలు వేయించారు. నాది మధ్యలో, దానికి దిండు కూడా ఉంది. కట్టుబాట్లు చెప్పారు. ఒకరు మాట్లాడుతుంటే రెండో పక్షం నోరు విప్పకూడదు. తప్పు తేలిన మనిషి లేచి నిలబడి, అవతలి వాళ్ల ముఖం చూసి "నాది పొరపాటండీ" అనాలి. దానితో తగువు తీరినట్టే, మళ్లీ ఎత్తకూడదు. మా వైపు తగువులు మూడు తరాలు నడుస్తాయి. ఇంత చవగ్గా ముగించే పద్ధతి నాకు కొత్త.

ముందు ఆయన చెప్పారు. అమ్మాయి తెలివి మీద ఆయనకు అనుమానం లేదు. చిన్నప్పుడు ఆయన దుకాణంలోనే కాలిక్యులేటర్లు విప్పేసేదట. కానీ రైతుకు సైరన్ అంటే నమ్మకం. మధ్యాహ్నం పూట నాలుగుసార్లు ఊరికే మోగితే, అయిదోసారి తెల్లవారుజామున నిజంగా మోగినప్పుడు ఎవరూ లేవరు. అప్పుడు రొయ్య పోతుంది. "నాకు తప్పు ఎవరిదో ముఖ్యం కాదండీ. నమ్మకం పోయాక పెట్టె ఉత్త డబ్బా. కానీ తప్పు ఎక్కడుందో తెలీకపోతే ఎవరి చేత బాగుచేయించను?" అన్నారు. అది నిజమైన మాట. ఆ గోడౌనులో ఆ పూట వినపడిన తెలివైన మాటల్లో ఒకటి. నావి ఏవీ ఆ జాబితాలో లేవు.

తర్వాత ఫర్జానా. నా జిరాక్సు తీసుకుని, క్లాజు వెతికి, వేలు పెట్టి చదివింది. ఇరవై ఆరేళ్లుగా అందరినీ క్లాజు అడిగేదాన్ని, క్లాజు చూపించిన మనిషి ఎదురైతే ఏం చేశానో చెప్పాలి. "చట్టంలో ఉంది సరే, కంపైలరు చట్టం తప్పిందని రుజువేది?" అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోతే ఆపాను. కంపైలరు రాసినవాళ్లు ఆమెకంటే పెద్దవాళ్లన్నాను, సెన్సర్లు మార్చమన్నాను. నా గొంతుకు మేతబస్తాల వెనక పిల్లి లేచిపోయింది.

సత్తార్ గారు తల వంచుకుని అరచేతిలో ఏదో చిన్న తీగ చుడుతూ కూర్చున్నారు. మల్లికార్జునరావు గారు నా వంక చూసి, "అయితే విజయవాడ వాళ్లకి చెప్పేయమంటారాండీ?" అన్నారు. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు. తప్పు ఆ అమ్మాయిది కాదని నేను చెబుతానని ఆయన ఎదురుచూశారని నాకు అప్పుడే తట్టింది.

ఫర్జానా లేచింది. "పొలం తగువుకి పొలం చూడకుండా తీర్పు చెప్పరు కదండీ, బాబాయి గారూ. మేడమ్ గారు చెరువు చూడలేదు."

మల్లికార్జునరావు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అవునండీ. అది కూడా కట్టుబాటే" అన్నారు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆ క్షణంలో నాకు చికాకు వేసింది. ఇప్పుడు కాళ్లకు దండం పెట్టాలనిపిస్తోంది.

ఉండి దారిలో

మూడో రోజు మల్లికార్జునరావు గారి కారులో బయల్దేరాం. ఉండి చేరేసరికి ఒక పక్క వరి, ఒక పక్క చేపల చెరువులు, వరికీ చెరువుకీ మధ్య గట్టు, గట్టు మీద కొబ్బరి. భూమి ఎక్కడుందని అడిగాను. "ఇదేనండీ" అని నీళ్లు చూపించారు. మాకు భూమి ఉంటుంది, నీళ్లు ఉండవు. వీళ్లు నీళ్లకే హద్దులు గీసి పాసుపుస్తకాలు పుచ్చుకున్నారు.

టిఫిను దగ్గర ఆగాం. ఫర్జానా నా ఎదుటే కూర్చుని నా ప్లేటులోకి అల్లం చట్నీ జరిపింది. నిన్న అన్ని మాటలన్న మనిషికి చట్నీ జరపడం మా వైపు చేయరు. అదే చేత్తో ముఖాన కొడతారు. మర్యాద చేసి మనిషిని సిగ్గుపడేట్టు చేయడం ఈ ప్రాంతపు ఆయుధమని నా అభిప్రాయం. ఒక పక్షపు మనిషి జరిపిన చట్నీ కట్టుబాటు కిందికి వస్తుందా అని అడిగాను. హోటలు చట్నీయే కనుక రాదని మల్లికార్జునరావు గారు తీర్మానించారు.

కలిదిండి: సత్యవతి గారి క్యాలెండరు

చెరువు కలిదిండి దాటాక ఉంది. సత్యవతి గారిది. యాభై దాటిన మనిషి, చీర కొంగు బిగించి, తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద ఎదురొచ్చింది. నేను హుందాగా అడుగు వేశాను. గట్టు అందుకు ఒప్పుకోలేదు. కుడి కాలు మోకాలి దాకా బురదలో దిగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. మల్లికార్జునరావు గారు తల పక్కకు తిప్పుకుని నవ్వారు. సత్యవతి గారు తిప్పుకోకుండానే నవ్వింది.

"చెప్పు పోతే పోయింది లెండమ్మా. అదైతే అరవదు గానీ, పన్నెండు గంటలకి మా పెట్టె అరుపు వినండి" అంది.

నాకు ఆవిడ నచ్చింది. వచ్చీరాగానే వాదనకు దిగాం. సెన్సర్లకు ఎండ తగులుతోందని నేనన్నాను. సెన్సర్లు నీళ్లలో మూడడుగుల లోతున ఉన్నాయని, అక్కడికి ఎండ ఎలా వస్తుందో చూపించమని ఆవిడ అంది. పైగా ఒక సెన్సర్ తీసి కడిగిన రోజుల్లో, ఎంత ఎండైనా, పెట్టె నోరెత్తలేదట. రెండూ నీళ్లలో ఉంటేనే గోలట. అంటే తప్పు ఏ ఒక్క సెన్సర్లోనూ లేదు, రెండింటినీ కలపడంలో ఉంది. నా గొంతు కాస్త తగ్గింది.

"మీరు చదువుకున్నోళ్లు, నేను రాసి పెట్టాను, చూడండి" అంటూ షెడ్డులోకి తీసుకెళ్లింది. గోడకు మేత కంపెనీ క్యాలెండరు. తేదీల గడుల్లో పెట్టె తెర మీద కనపడిన సగటు అంకెలు పెన్సిలుతో, గంట గంటకూ. పొద్దున ఎనభై. తర్వాత తొంభై అయిదు. నూట పది. నూట ఇరవై. నూట ఇరవై ఏడు. దాని కింద సున్నా.

"ఇదేమిటి, సున్నా?"

"నూట ఇరవై ఏడు దాకా నిమ్మళంగా ఎక్కుద్దండీ. ఆ తర్వాత ఒక్కసారిగా సున్నాకి పడిపోద్ది. అప్పుడే అరుపు మొదలు. రోజూ అంతే. నూట ఇరవై ఎనిమిది అనేది నేను ఇంతవరకూ చూళ్లేదు."

ఆ అంకె మీద వేలు పెట్టి రెండోసారి చదివాను. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఈ అంకె చెబితే చాలు, రాయనివాళ్లకు విడమరిచి చెబుతాను. చిన్న గదిలో పట్టే పెద్ద అంకె రెండు వందల యాభై అయిదు. దానిలో సగం నూట ఇరవై ఏడు. రెండు సెన్సర్ల మొత్తం రెండు వందల యాభై అయిదు వరకూ సగటు సరిగ్గా వస్తోంది. మొత్తం ఇంకొక్కటి పెరిగిందా, గది పట్టక సున్నాకు తిరిగిపోతోంది. అంటే కలపడం చిన్న గదిలోనే జరుగుతోంది. పెద్ద గదిలోకి మార్చమన్న చట్టాన్ని ఈ కంపైలరు పాటించడం లేదు. ఏలూరులో మొదటి రోజు ఫర్జానా అన్నది అక్షరాలా ఇదే.

అయితే ఆమె పరీక్షలో నూట యాభై ఎలా వచ్చింది? క్యాలెండరు ముందే నిలబడి ఇద్దరం ఆలోచించాం. ఈసారి ఆమె మాట్లాడుతుంటే నేను విన్నాను, ఒక్కసారే అడ్డుపడ్డాను. రెండు వందలు, వంద అని ప్రోగ్రాములోనే రాసేస్తే, ఆ లెక్క చిప్పు దాకా పోలేదు. కంపైలరు తానే, కంప్యూటర్‌లో కూర్చుని, సరిగ్గా కట్టేసి, జవాబు మాత్రమే చిప్పుకు పంపింది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన పూట పంతులే లెక్క చేసి పిల్లవాడి పలక మీద రాసిపెట్టినట్టు. అంకెలు బయటి నుంచి రావాలి, అప్పుడు గానీ చిప్పు చేత లెక్క చేయించలేం.

"బయటి నుంచంటే?" అన్నారు సత్తార్ గారు. చెప్పాం. ఆయన సంచిలోంచి పాత రేడియోల వాల్యూము నాబులు రెండు తీసి, సెన్సర్ల తీగలు విప్పి, వాటి స్థానంలో బిగించారు. తగువు గురించి మూడు రోజుల్లో ఆయన అప్పటిదాకా అన్నది ఆ ఒక్క మాటే. ఒక నాబును రెండు వందలకు తిప్పాం, రెండోదాన్ని వందకు. సగటు నూట యాభై రావాలి.

తెర మీద ఇరవై రెండు. వెంటనే సైరన్.

ఆ సైరన్ కింద నిలబడి మేం నవ్వుకున్నట్టు నేను ఎప్పుడూ నవ్వలేదు. మూడు వందల్లోంచి రెండు వందల యాభై ఆరు పోతే నలభై నాలుగు, దానిలో సగం ఇరవై రెండు. ఫర్జానా నవ్వుతూనే ఏడ్చేసింది. తండ్రి నాబులు పట్టుకునే ఉన్నారు, వదలమని చెప్పాల్సి వచ్చింది.

తర్వాత ఫర్జానా ల్యాప్‌టాప్‌లో ఆ కంపైలరు మాన్యువల్ తెరిచాం. ఇద్దరం కలిసి వెతికితే వెనకెక్కడో, చిన్న అక్షరాల్లో దొరికింది. చోటు మిగలడానికి చిన్న అంకెల లెక్కను చిన్న గదిలోనే చేస్తామని, స్టాండర్డు ప్రకారం కావాలంటే ఫలానా స్విచ్ వేసుకోమని రాసి ఉంది. ఆ స్విచ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుందట.

గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, తీర్పు చెప్పమన్నారు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బురద. స్టాండర్డు ప్రకారం ఫర్జానా రాసింది ఒప్పు, కంపైలరు చేసింది తప్పు. మాన్యువల్ చివరిదాకా చదవకపోవడం ఫర్జానా పొరపాటు, అయితే అది చిన్నది. ఇంతవరకూ చెప్పి లేచి నిలబడ్డాను.

"మీరెందుకండీ లేస్తారు?" అన్నారు మల్లికార్జునరావు గారు.

"కట్టుబాటు మీరే చెప్పినారు కదా" అని, ఫర్జానా ముఖం చూసి, "నాది పొరపాటమ్మా" అన్నాను. ఆ మాటకు నా నోరు తిరగడానికి కొంచెం సమయం పట్టింది. వాడుక తక్కువ.

ఆమె కంగారుపడి, "అయ్యో, మీరు పెద్దవారండీ" అంది. సత్యవతి గారు "అననీవమ్మా, మంచిదే" అంది. మల్లికార్జునరావు గారు గట్టు చివరికి వెళ్లి విజయవాడకు ఫోన్ చేశారు. ఫోనులో ఆయన గొంతు మొదటిసారి పెరిగింది, సంతోషంతో. "అక్కర్లేదండీ, మా అమ్మాయే చూసుకుంటుంది" అన్నది మా అందరికీ వినపడింది.

స్విచ్చా, వాక్యమా

ఇక బాగుచేయడం. స్విచ్ వేసేస్తే సరి అని నేను. వేసి చూసింది ఫర్జానా. ప్రోగ్రాము ఉబ్బి చిప్పులో పట్టలేదు. చట్టం పాటించడానికి చోటు చాలని చిప్పును నేను అంతవరకూ చూడలేదు. కాలేజీ ల్యాబులో నా జీవితమంతా విశాలమైన కంప్యూటర్ల మధ్య గడిచింది.

సత్తార్ గారికి మాత్రం ఇదంతా వింతగా అనిపించలేదు. రాగి మిగలాలని మోటారుకు చుట్లు తగ్గించి చుట్టేవాళ్లు ఉంటారట. తిరిగినంతకాలం తేడా తెలియదు, లోడు పడ్డ రోజున కాలిపోతుంది. "చుట్లు తగ్గించానని చీటీ రాసి మోటారు లోపల అతికిస్తే సరిపోద్దాండీ?" అన్నారు.

ఫర్జానా స్విచ్ వదిలేసి వాక్యాన్ని మార్చింది. కలిపే ముందు రెండు అంకెలనూ పెద్ద గదిలోకి మార్చమని తానే విడిగా రాసింది. స్టాండర్డు పాటించే కంపైలరుకు ఆ మాట అదనం, పాటించని దానికి అవసరం. రెండింటిలోనూ జవాబు ఒకటే. చట్టానికీ అమలు చేసేవాడికీ పడనప్పుడు, ఇద్దరూ కాదనలేని మాట రాయడం మేలని నేను ఇప్పుడు క్లాసులో చెబుతున్నాను. నా సొంత తెలివిలాగే చెబుతున్నాను.

సెన్సర్లు మళ్లీ నీళ్లలోకి దిగాయి. మిట్టమధ్యాహ్నం దాటింది. తెర మీద నూట నలభై ఆరు. సైరన్ లేదు. ఏరేటర్లు కదలక నిలబడ్డాయి, నీళ్లు నిశ్చలంగా మెరుస్తున్నాయి. సత్యవతి గారు షెడ్డులోకి నడిచి క్యాలెండరు మీద "146" అని రాసి, కింద గీత గీసింది. తీర్పు అయిపోయింది గనుక, రొయ్యల ఇగురుతో అన్నం పెట్టింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. నాలుగోసారి ఆవిడే వడ్డించింది.

కొల్లేటి మీదుగా

తిరుగు దారి మండవల్లి నుంచి కొల్లేరు మీదుగా. మల్లికార్జునరావు గారు నాకు కొత్త చెప్పులు కొనిపించారు. వద్దని వాదించాను, ఓడిపోయాను, ఈ ప్రయాణంలో అది అలవాటైంది. సరస్సు పొడవునా గూడబాతులు. ఒడ్డున నిలబడితే బడిలో దండన పడ్డవాళ్లలా, ఎగిరితే విమానాల్లా ఉన్నాయి. వాటి ముక్కు కింది సంచిలో ఎన్ని చేపలు పడతాయని అడిగాను. "ఎక్కువైతే సున్నాకి తిరగవు లెండి మేడమ్" అంది ఫర్జానా. నన్ను ఎగతాళి చేసే దాకా వచ్చిందంటే మా మధ్య తగువు నిజంగానే తీరిందన్నమాట.

మళ్లీ ఏలూరు

నాలుగో రోజు మధ్యాహ్నం సత్తార్ గారి ఇంటి గడప దాటాను. ఫర్జానా తల్లి బిరియాని దమ్ము మీద నుంచి దించుతోంది. తాడేపల్లిగూడెం నుంచి మల్లికార్జునరావు గారు నాలుగు గిన్నెల క్యారియర్‌తో వచ్చారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పప్పు, గడ్డపెరుగు. ఆయన తనది తిన్నారు, వాళ్లు వాళ్లది తిన్నారు, నేను రెండూ తిన్నాను. పెద్దమనిషి పక్షపాతం చూపించకూడదు కదా.

తినడం అయ్యాక కంపైలరు కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. మూడు వాక్యాల చిన్న ప్రోగ్రాము, స్టాండర్డు క్లాజు, రావలసిన నూట యాభై, వచ్చిన ఇరవై రెండు. తిట్లు నేను రాశాను, ఫర్జానా కొట్టేసింది. సంతకం తనొక్కతే చేయాలని పట్టుబట్టాను.

నేను అనంతపురం చేరిన మూడో వారంలో, వచ్చిన జవాబును ఫర్జానా నాకు పంపించింది. కంపెనీ వాళ్లు చాలా మర్యాదగా, ఒకే వాక్యం రాశారు. ఇది లోపం కాదట, మాన్యువల్‌లో రాసే ఉందట.

నేను మళ్లీ రాశాను. ఈసారి ఫర్జానా చేత దిద్దించలేదు. ఇంకా జవాబు రాలేదు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, క్లాజు లేకపోయినా ఒప్పుకుంటాను. చేసేది తప్పని తెలిసి, తప్పు చేస్తున్నామని వాళ్లే ఒక మూల రాసిపెట్టుకుంటే, అది తప్పు కాకుండా పోతుందా?